చలిలో కారు స్టార్ట్ చేశాక ఎంతసేపు ఆగి బయల్దేరాలి?

మీ ప్రశ్న ఇదీ: కొత్తగా టర్బో పెట్రోల్ కారు తీసుకున్నారు, నీళ్లు గడ్డకట్టేంత చలి ఉండే చోట ఉంటున్నారు. పొద్దున్నే స్టార్ట్ చేసి టెంపరేచర్ ముల్లు పైకి లేచేదాకా, అంటే పది పదిహేను నిమిషాలు, బండి కదపొద్దని నాన్నగారి మాట. ఈ కాలం కార్లకు అదేమీ అక్కర్లేదు, స్టార్ట్ చేసి వెళ్లిపోవడమే అని స్నేహితుడి మాట. ఎవరిది సరైనది, ఇంట్లో ఉన్న పాత డీజిల్ కారుకూ ఇదే లెక్కా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. స్టార్ట్ చేశాక అర నిమిషం ఆగండి. బాగా మైనస్‌లో ఉంటే ఒకటి రెండు నిమిషాలు. ఆపైన ఆగడం వల్ల ఇంజిన్‌కు మేలు లేదు, కొంత చెడు కూడా ఉంది. బయల్దేరాక మొదటి పది పదిహేను నిమిషాలు మాత్రం యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉండాలి, ఇంజిన్ నిజంగా వేడెక్కేది అప్పుడే. మీ స్నేహితుడు చెప్పనిది ఈ రెండో భాగమే. వెంటనే వెళ్లొచ్చు, వెంటనే తొక్కకూడదు. ఇంజిన్లు విప్పి బిగించే పనిలో ఉన్నవాడిగా చెప్తున్నాను, చల్లని ఇంజిన్‌ను రోజూ రేస్ చేసి లాగేవాళ్ల బండికీ నెమ్మదిగా నడిపేవాళ్ల బండికీ తేడా విప్పితే కంటికి కనిపిస్తుంది.

నాన్నగారు చెప్పింది మాత్రం వాళ్ల కాలం బండ్లకు అక్షరాలా నిజం, కాబట్టి ఆయన్ని తీసిపారేయకండి. కార్బురేటర్ ఇంజిన్‌లో లోపలికి పోయే గాలే పెట్రోల్‌ను లాక్కుని వెళ్లేది. చలిలో పెట్రోల్ సరిగ్గా ఆవిరి కాదు, గాలి లోపలికి పోయే గొట్టం (మానిఫోల్డ్) గోడలకు తడిగా అంటుకుపోతుంది, సిలిండర్‌లోకి చేరేసరికి మండడానికి సరిపడా ఆవిరి ఉండదు. అందుకే చోక్ లాగి గాలి తగ్గించి, పెట్రోల్ పాళ్లు పెంచేవాళ్లు. అంత చేసినా ఇంజిన్ చల్లగా ఉండగా కదిలిస్తే మిస్సింగ్ కొట్టి ఎక్కడో మలుపులో ఆగిపోయేది. దానికి వేడెక్కేదాకా ఆగడం తప్ప దారి లేదు. 1967లో ఫోక్స్‌వాగన్ 1600 కారు మీద బాష్ కంపెనీ వాళ్ల డి-జెట్రానిక్ అనే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్, అంటే కార్బురేటర్ బదులు పెట్రోల్‌ను కొలిచి చిమ్మే పద్ధతి, వచ్చింది, 1990లు ముగిసేసరికి చాలా దేశాల్లో కొత్త కార్లలో కార్బురేటర్ దాదాపు కనిపించకుండా పోయింది. మీ కారులో అయితే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఎంత చల్లగా ఉందో, లోపలికి వచ్చే గాలి ఎంత చల్లగా ఉందో సెన్సర్లు చూసి, ఎంత పెట్రోల్ అదనంగా కొట్టాలో ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, లెక్కగట్టుకుంటుంది. మొదటి సెకను నుంచే ఇంజిన్ నిలకడగా తిరుగుతుంది. ఆగిపోతుందనే భయంతో ఆగాల్సిన అవసరం అక్కడితో పోయింది.

మరి ఆ అర నిమిషం దేనికంటే, ఆయిల్ కోసం. రాత్రంతా నిలబడ్డ బండిలో ఆయిల్ చాలావరకు కిందకి, సంప్ అనే అడుగు తొట్టిలోకి దిగిపోయి ఉంటుంది. పైన వాల్వుల్ని తెరిచే కామ్‌షాఫ్ట్ మీద, బేరింగుల్లో, టర్బోలో పలచటి పొర మాత్రమే మిగులుతుంది. స్టార్ట్ కాగానే పంపు ఆ ఆయిల్‌ను పైకి తోయాలి. సరైన గ్రేడు ఆయిల్ ఉంటే కొన్ని సెకన్లలోనే ప్రెషర్ లైటు ఆరిపోతుంది, ఇంకాసేపటికి ఇంజిన్ పైభాగమైన హెడ్ దాకా ఆయిల్ అందుతుంది. కొన్ని ఇంజిన్లలో స్టార్ట్ కాగానే పైనుంచి టిక్ టిక్ మని వినిపించి కాసేపటికి తగ్గేది ఈ కారణంగానే, వాల్వుల్ని కదిలించే హైడ్రాలిక్ ట్యాపెట్లలో ఆయిల్ నిండేదాకా ఆ చప్పుడు ఉంటుంది.

ఆయిల్ గ్రేడు విషయం ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే చలి ప్రదేశంలో మీరు ఎన్ని నిమిషాలు ఆగారన్నదానికంటే లోపల ఏ ఆయిల్ ఉందన్నది ఎన్నో రెట్లు ముఖ్యం. 5డబ్ల్యూ-30 లాంటి పేరులో డబ్ల్యూకి ముందున్న అంకె చలికి సంబంధించింది. ఎస్‌ఏఈ జె300 అనే ప్రమాణం ప్రకారం 0డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 35 డిగ్రీల దగ్గర, 5డబ్ల్యూను మైనస్ 30 దగ్గర, 10డబ్ల్యూను మైనస్ 25 దగ్గర, 15డబ్ల్యూను మైనస్ 20 దగ్గర పరీక్షిస్తారు, ఆ చలిలో సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరిగేంత పలచగా ఉందా లేదా అని. పంపులోకి ఆయిల్ వస్తుందా అని ఇంకో ఐదు డిగ్రీలు కిందకి వెళ్లి విడిగా చూస్తారు. మామూలు 5డబ్ల్యూ-30 ఆయిల్ 100 డిగ్రీల దగ్గర ఉన్న చిక్కదనం కంటే 40 డిగ్రీల దగ్గర ఐదారు రెట్లు చిక్కగా ఉంటుంది, సున్నా దగ్గర అది పదుల రెట్లకు పోతుంది. వేడి ప్రదేశం నుంచి బండి తెచ్చుకుని, అందులో ఉన్న 15డబ్ల్యూ-40నే మైనస్ ఇరవైలో నడిపేవాళ్లను చూస్తే బాధేస్తుంది. మాన్యువల్‌లో మీ ఇంజిన్‌కు అనుమతించిన గ్రేడుల్లో డబ్ల్యూ ముందు అంకె అన్నిటికంటే తక్కువున్నది వేయించండి. 0డబ్ల్యూ పోస్తే ఎండాకాలంలో ఆయిల్ నీళ్లలా అయిపోతుందన్న భయం అక్కర్లేదు, వేడిలో చిక్కదనం చెప్పేది రెండో అంకె.

ఇప్పుడు పిస్టన్ దగ్గరికి వద్దాం. ఈ ఒక్కటి అర్థమైతే, చల్లని ఇంజిన్‌ను ఎందుకు తొక్కకూడదో ఎవరూ వేరే చెప్పక్కర్లేదు. పిస్టన్ అల్యూమినియంతో చేస్తారు, అది పైకీ కిందకీ ఆడే బోరు, అంటే సిలిండర్ లోపలి గొట్టం, చాలా ఇంజిన్లలో పోత ఇనుముతో చేసిన స్లీవ్. అల్యూమినియం వేడికి ఇనుము కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. అందుకే పిస్టన్‌ను చల్లగా ఉన్నప్పుడు చూస్తే అచ్చంగా గుండ్రంగా ఉండదు. మైక్రోమీటర్ పెట్టి కొలిస్తే, పిస్టన్‌ను కింది కడ్డీకి కలిపే పిన్ను ఉన్న దిక్కున ఒక కొలత, దానికి అడ్డంగా ఇంకో కొలత వస్తుంది. పైభాగం కింది భాగం కంటే సన్నగా ఉంటుంది, ఎందుకంటే మంట తగిలి ఎక్కువ వేడెక్కేది పైభాగమే. పూర్తిగా వేడెక్కాక ఆకారం సరిపోయేలా ముందే లెక్కగట్టి అలా చెక్కుతారు. అంటే చల్లగా ఉన్నంతసేపూ పిస్టన్‌కు బోరుకు మధ్య ఖాళీ ఉండాల్సినదానికంటే ఎక్కువే. అది అటూ ఇటూ ఒరిగి గోడకు తట్టుకుంటుంది, కొన్ని బండ్లలో ఆ చప్పుడు బయటికే వినిపిస్తుంది. ఐడిల్‌లోనో (బండి కదలకుండా ఇంజిన్ మాత్రమే తిరుగుతున్నప్పుడు) తేలికపాటి లోడులోనో ఆ తట్టు లెక్కలోది కాదు. అదే సమయంలో యాక్సిలరేటర్ అడుగంటా తొక్కితే సిలిండర్‌లో ఒత్తిడి అమాంతం పెరిగి, అంత బలంతోనూ పిస్టన్ ఒక పక్కకి కొట్టుకుంటుంది. పైగా పిస్టన్ తల నిమిషంలో వేడెక్కిపోతుంది, చుట్టూ ఉన్న బ్లాకు అంత తొందరగా వేడెక్కదు, కొన్ని చోట్ల ఖాళీ ఉండాల్సినదానికంటే తక్కువైపోతుంది. అరిగేది అప్పుడే.

ఇదంతా విన్నాక, మరి పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచితే ఆ ఖాళీలన్నీ సర్దుకుంటాయి కదా, నాన్నగారి మాటే మంచిది కదా అనిపిస్తుంది. ఇక్కడే చాలామంది పొరబడేది. ఇంజిన్‌కు వేడి వచ్చేది మండే పెట్రోల్ నుంచి. ఐడిల్‌లో అది మండించే పెట్రోల్ చాలా తక్కువ, చిన్న ఇంజిన్ అయితే గంటకు లీటరు లోపే. ఆ కాస్త వేడితో అంత ఇనుము, అల్యూమినియం, ఆయిల్, కూలెంట్ అన్నీ వేడెక్కాలంటే చాలాసేపు పడుతుంది. బయట మైనస్‌లో ఉంటే కొన్ని ఇంజిన్లు ఐడిల్‌లో అరగంటకి కూడా పూర్తి వేడికి రావు. నెమ్మదిగా నడిపితే లోడు వల్ల వేడి రెండు మూడు రెట్లు పుడుతుంది. అరుగుదల ఎక్కువగా ఉండే చల్లని దశలో ఇంజిన్ గడిపే సమయం అంతమేర తగ్గుతుంది.

ఆ చల్లని దశలో లోపల జరిగేది కూడా వినండి. పెట్రోల్ అనేది ఒకే ద్రవం కాదు, కొన్ని భాగాలు 30, 40 డిగ్రీలకే ఆవిరవుతాయి, కొన్నిటికి 200 డిగ్రీల దాకా కావాలి. చల్లని ఇంజిన్‌లో తేలిక భాగాలే మండి, బరువైనవి ద్రవంగానే బోరు గోడల మీద పడతాయి. ఈసీయూ ఇంజిన్ ఆగకుండా ఉండాలని అదనంగా పెట్రోల్ కొడుతూనే ఉంటుంది. ఆ తడి పెట్రోల్ గోడ మీదున్న ఆయిల్ పొరను కడిగేసి, పిస్టన్ రింగుల పక్కనుంచి కిందకి దిగి సంప్‌లో ఆయిల్‌తో కలుస్తుంది. మీ టర్బో ఇంజిన్ డైరెక్ట్ ఇంజెక్షన్‌ది అయితే పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే కొడుతుంది కాబట్టి ఈ బెడద ఇంకొంచెం ఎక్కువ. పెట్రోల్‌తో పాటు నీళ్లు కూడా. ఒక లీటరు పెట్రోల్ మండితే సుమారు ఒక లీటరు నీళ్లు పుడతాయి, నమ్మబుద్ధి కాదు గానీ లెక్క అంతే, పెట్రోల్‌లోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిస్తే వచ్చేది నీరే. వేడి ఇంజిన్‌లో అది ఆవిరిగా సైలెన్సర్ గుండా పోతుంది. చల్లని ఇంజిన్‌లో కొంత సైలెన్సర్‌లోనే నీరుగా నిలిచి తుప్పు పట్టిస్తుంది, ఇంకొంత రింగులు దాటి ఆయిల్‌లోకి దిగుతుంది.

చూడాలనుకుంటే చలికాలంలో ఆయిల్ పోసే మూత విప్పి దాని లోపలి వైపు చూడండి. ఎప్పుడూ దగ్గరి దూరాలకే తిరిగే బండి అయితే అక్కడ లేత గోధుమరంగులో నురగ ముద్ద అంటుకుని ఉంటుంది. అది ఆయిల్‌లో నీళ్లు కలిసి అయినది. అది చూసి, కూలెంట్ ఆయిల్‌లో కలవకుండా ఆపే హెడ్ గ్యాస్కెట్ పోయిందని కంగారు పడకండి, కంగారు పెట్టేవాళ్ల మాటకి వెంటనే హెడ్ దింపించకండి. ముందు కూలెంట్ లెవెల్ తగ్గుతోందా చూడండి, డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే కడ్డీ) మీద ఆయిల్ శుభ్రంగా ఉందా చూడండి. ఆ రెండూ బాగుంటే, హైవే మీద ముప్పావు గంట నడిపి మూత తుడిచి పెట్టండి, చాలాసార్లు అంతటితో సరి.

ఇక బయల్దేరాక ఎలా నడపాలి. ఆర్‌పీఎం 2500 దాటకుండా, మహా అయితే 3000, యాక్సిలరేటర్ సగం కూడా తొక్కకుండా. అలాగని నాలుగో గేరులో 1200 ఆర్‌పీఎం దగ్గర ఈడ్పించడం కూడా తప్పే, టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లకు తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ లోడు అస్సలు మంచిది కాదు, స్పార్క్ పడకముందే మిశ్రమం అంటుకునే ప్రమాదం ఉంది. మధ్యలో ఉంచండి. ఆటోమేటిక్ అయితే మొదట్లో గేర్లు ఆలస్యంగా మారుస్తుంది, అది లోపం కాదు, వేడి తొందరగా రావాలని అలా ప్రోగ్రామ్ చేస్తారు. ఇంటి నుంచి బయటికి రాగానే హైవే ఎక్కాల్సి వస్తే మొదటి కొన్ని కిలోమీటర్లు ఎడమో కుడో నెమ్మది లేన్‌లో ఉండండి, వెనకవాళ్లు హారన్ కొడితే కొట్టనివ్వండి.

ముల్లు మధ్యకు వచ్చింది కదా అని అప్పుడే తొక్కేయకండి. ఆ ముల్లు చూపించేది కూలెంట్ వేడిని. ఆయిల్ దానికంటే చాలా వెనక ఉంటుంది, కూలెంట్ 90కి చేరినప్పుడు ఆయిల్ 50, 60 దగ్గర ఉండటం మామూలే. చాలా కార్లలో ఆ ముల్లు నిజం కూడా పూర్తిగా చెప్పదు, 75 నుంచి 105 దాకా ఎక్కడున్నా మధ్యలోనే నిలబడేలా చేస్తారు, డ్రైవర్‌కు టెన్షన్ ఉండకూడదని. ముల్లు మధ్యకు వచ్చాక ఇంకో ఏడెనిమిది నిమిషాలు ఓపిక పట్టండి. గేరుబాక్స్ ఆయిల్, వీల్ బేరింగులు, షాక్ అబ్జార్బర్లు, టైర్లు ఇవన్నీ కూడా చల్లగానే ఉంటాయి, మీరు గంటసేపు ఐడిల్‌లో ఉంచినా వీటిలో చాలావాటికి చలనం ఉండదు. నడిస్తేనే వేడెక్కుతాయి.

ఐడిల్‌లో ఉంచితే బ్యాటరీ చార్జ్ అవుతుందనుకోవడం కూడా తప్పే. హీటర్ బ్లోయర్, వెనక అద్దం డీఫాగర్, సీటు హీటర్లు అన్నీ ఆన్‌లో ఉంటే ఐడిల్‌లో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ ఇచ్చేది వాటికే చాలీచాలనట్టు ఉంటుంది. మామూలు బ్యాటరీ మైనస్ 18 దగ్గర ఇవ్వగలిగేది మామూలు వేడిలో ఇచ్చేదాంట్లో సుమారు సగమే. కాబట్టి సెల్ఫ్ కొట్టేముందు లైట్లు, బ్లోయర్ ఆపేయండి, మాన్యువల్ గేరు అయితే క్లచ్ పూర్తిగా తొక్కి పట్టుకోండి, గేరుబాక్స్‌లో చిక్కబడ్డ ఆయిల్‌ను తిప్పే బరువు స్టార్టర్ మీద పడదు. పది సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టొద్దు, స్టార్ట్ కాకపోతే ఒక నిమిషం ఆగి మళ్లీ కొట్టండి.

ఖర్చు లెక్క కూడా ఒకటి. అమెరికా ఇంధన శాఖ చెప్పేదాని ప్రకారం, 25 డిగ్రీల దగ్గర వచ్చే సిటీ మైలేజీతో పోలిస్తే మైనస్ 7 దగ్గర పెట్రోల్ కారుకు దాదాపు 15 శాతం తగ్గుతుంది, ఐదారు కిలోమీటర్ల లోపు ట్రిప్పులైతే 24 శాతం దాకా పోతుంది. నిలబెట్టి తగలేసేది కూడా ఈ నష్టంలో కలుస్తుంది. అర నిమిషం ఆగి నెమ్మదిగా బయల్దేరమనే సలహా కూడా వాళ్లదే. జర్మనీలో అయితే అనవసరంగా ఇంజిన్ నడిపి ఉంచడాన్ని ట్రాఫిక్ నిబంధనలే నిషేధించాయి. పొగ సంగతి చూసినా, అందులోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ పనిచేయడం మొదలుపెట్టాలంటే సుమారు 250, 300 డిగ్రీలు రావాలి, అప్పటిదాకా విషవాయువులు ఉన్నవి ఉన్నట్టు బయటికి వస్తాయి. స్టార్ట్ కాగానే మీ కారు 1200 ఆర్‌పీఎం పైన గట్టిగా తిరిగి కాసేపటికి తగ్గేది ముఖ్యంగా దాన్ని వేడెక్కించడానికే.

విషవాయువుల మాట వచ్చింది కాబట్టి ఇది మాత్రం దయచేసి మనసులో పెట్టుకోండి. మూసిన గ్యారేజీలో ఒక్క నిమిషం కూడా ఇంజిన్ నడిపి ఉంచొద్దు, షట్టర్ సగం తెరిచాను కదా అని కూడా వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, తలనొప్పి, మత్తు వస్తున్నాయని గుర్తించేలోపే మనిషి లేవలేని స్థితికి వెళ్లిపోతాడు. కన్వర్టర్ చల్లగా ఉన్నప్పుడు అది ఎక్కువగా వచ్చేది. గ్యారేజీ గోడకు అవతల పడకగది ఉంటే గ్యాస్ లోపలికీ చేరుతుంది. మంచు పడే చోట సైలెన్సర్ గొట్టం మంచులో కూరుకుపోయి ఉంటే ముందు పారతో తవ్వి తీయండి, ఆ తర్వాతే స్టార్ట్ చేయండి, పిల్లల్ని ముందే కారులో కూర్చోబెట్టి ఆ పని చేయకండి.

ఆగాల్సిన సందర్భాలు లేకపోలేదు. అద్దాల మీద మంచు ఉంటే అది పూర్తిగా పోయేదాకా కదలకూడదు, అది ఇంజిన్ కోసం కాదు, మీ కళ్ల కోసం. స్క్రేపర్‌తో గీకండి, వేడి నీళ్లు పోస్తే అద్దం పగలొచ్చు. అంటుకుపోయిన వైపర్లను ఆన్ చేయకండి, మోటరు కాలిపోవచ్చు. లోపలి ఆవిరి పోవాలంటే హీటర్‌తో పాటు ఏసీ కూడా ఆన్ చేయండి, ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది, కాకపోతే గడ్డకట్టే చలిలో చాలా కార్లలో దాని కంప్రెసర్ నడవదు. నెలల తరబడి కదలని బండి అయితే ఆయిల్ ప్రెషర్ లైటు ఆరాక కూడా ఒక నిమిషం ఎక్కువ ఇవ్వండి. మైనస్ 20, 30 దాకా పోయే ప్రదేశాల్లో ఐడిల్ కంటే వెయ్యి రెట్లు మంచిది బ్లాక్ హీటర్, అంటే ఇంజిన్‌ను కరెంటుతో వేడిచేసే పరికరం. కెనడాలో, అలాస్కాలో చాలా పార్కింగ్ స్థలాల్లోనే వీటికోసం కరెంటు ప్లగ్గులు ఉంటాయి. రాత్రంతా పెట్టక్కర్లేదు, టైమర్ పెట్టి బయల్దేరే రెండు మూడు గంటల ముందు ఆన్ అయ్యేలా చూసుకుంటే కూలెంట్ గోరువెచ్చగా ఉంటుంది, సెల్ఫ్ తేలిగ్గా తిరుగుతుంది, హీటర్‌లో వేడిగాలి కూడా తొందరగా వస్తుంది.

మీ పాత డీజిల్ సంగతి. స్విచ్ ఆన్ చేయగానే మీటరులో స్ప్రింగు చుట్టలాంటి గుర్తు వెలుగుతుంది, అది ఆరాకే సెల్ఫ్ కొట్టాలి. ఆ లైటు వెలిగినంతసేపూ సిలిండర్ల లోపలి గాలిని వేడిచేసే గ్లో ప్లగ్గులు వేడెక్కుతుంటాయి. మొదటిసారికి స్టార్ట్ కాకపోతే ఆఫ్ చేసి ఇంకోసారి ప్లగ్గుల్ని వేడెక్కనివ్వండి. స్టార్ట్ అయ్యాక డీజిల్‌ను ఐడిల్‌లో ఉంచడం పెట్రోల్‌కంటే వృథా పని, ఎందుకంటే డీజిల్ ఇంజిన్ ఐడిల్‌లో గాలిని నిండుగా పీల్చి అతి తక్కువ డీజిల్ మండిస్తుంది, ఆ చల్లని గాలే వచ్చిన వేడిని కూడా మోసుకుపోతుంది. తెల్లపొగ కాస్త తగ్గి, ఇంజిన్ శబ్దం స్థిరపడగానే, అంటే ఒక నిమిషం తర్వాత, నెమ్మదిగా బయల్దేరండి. అలా కదిలిన తర్వాత బలం తగ్గి ఆగిపోతుంటే అది వార్మప్ సమస్య కాకపోవచ్చు, డీజిల్‌లోని మైనం చలికి గడ్డకట్టి ఫిల్టర్‌కు అడ్డుపడి ఉండొచ్చు, అలా కాకుండా ఉండాలంటే ముందే చలికాలపు డీజిల్ నింపుకోవాలి. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న డీజిల్ అయితే దగ్గరి ట్రిప్పులతో ఫిల్టర్ నిండిపోతుంది, దాన్ని కాల్చి శుభ్రం చేసుకోవడానికి 600 డిగ్రీల దాకా వేడి కావాలి, ఐడిల్‌లో అది ఎప్పటికీ రాదు.

చివరగా, రోజూ రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండి అయితే మీరు ముందు పది నిమిషాలు ఆగినా, అర నిమిషం ఆగినా ఆయిల్ వేడెక్కే అవకాశమే లేదు. అలాంటి బండిని వారానికోసారైనా అరగంటకు తక్కువ కాకుండా ఆపకుండా నడపండి, లోపల పోగైన పెట్రోల్, నీళ్లు చాలావరకు ఆవిరైపోతాయి. మాన్యువల్‌లో కఠిన పరిస్థితులకు అని ఇచ్చిన ఆయిల్ మార్పిడి గడువు మీకు వర్తిస్తుంది, మామూలు గడువు కాదు. నెలకోసారి డిప్‌స్టిక్ తీసి చూడండి. లెవెల్ తగ్గడం అందరూ గమనిస్తారు గానీ, పోయకుండానే మ్యాక్స్ గీత దాటి పైకి వస్తే, వాసన చూస్తే పెట్రోల్ కంపు కొడితే, గడువుతో పనిలేకుండా ఆ వారమే ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్పించేయండి.